మొదటి ధరకి ఒప్పుకోకూడదు

ఫిబ్రవరి 19, 2001. సోమవారం

నవ్వింది. ఎందుకు నవ్విందో తేలడం లేదు.

బెంగుళూరు నుంచి రైల్లో వస్తూ అదే ఆలోచన, ఇవాళ ఇంటర్ పిల్లలకి బోర్డు మీద కప్ప గుండె గీస్తూ అదే. పిహెచ్‌డి ఇంటర్వ్యూలో అయిదుగురు కూర్చున్నారు. నలుగురు మగవాళ్ళు, మధ్యలో ఆ మేడం. "మేం అడిగేవి అందర్నీ అడిగేవే. నీకు నువ్వే ఒక ప్రశ్న వేసుకో" అంది. బట్టీ పట్టినవన్నీ ఎటు పోయాయో. నోట్లోంచి ఊడిపడింది ఇదీ — మా పొలాల్లో చిలక పండుమిరపకాయ హాయిగా తింటుంది, ఉడత ముట్టదు. చిలకకి మంట ఎందుకు పుట్టదు?

నలుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మేడం నవ్వింది. "నువ్వేమనుకుంటున్నావ్?" అంది. మిరపకి చిలకతో పని ఉంది, గింజల్ని దూరం తీసుకెళ్ళి వేస్తుంది, అందుకే దాన్ని మండించదు — అన్నాను. ఏదో రాసుకుంది. తలకిందులుగా చదవడానికి ప్రయత్నించాను, కుదర్లేదు.

మెచ్చుకున్న నవ్వా? పల్లెటూరి పిల్ల అనే నవ్వా? అమ్మని అడిగితే "పళ్ళు కనపడ్డాయా?" అంది. కనపడ్డాయి. "అయితే మంచిదే." ఇన్నేళ్ళు ఒకటో తరగతి పిల్లలతో వేగిన మనిషి కదా, నవ్వుల లెక్క తనకి తెలుసనే ధీమా.

ఫిబ్రవరి 20

ఇంకెక్కడా అప్లై చెయ్యలేదు. పురుగులూ పిట్టలూ మొక్కలూ కలిపి చూసేది ఆ మేడం ఒక్కతే. ఫెలోషిప్ పరీక్ష పాసై రెండో ఏడు — గడువు ఈ ఏడాదితో సరి. ఈసారి చేరకపోతే కప్ప గుండెలే జీవితాంతం.

సరే, రాశాను. ఇంక రాయను ఆ మాట.

ఫిబ్రవరి 22

రిజల్టు ఫోన్ చేసి చెప్తారట, ఒప్పుకున్నాకే ఉత్తరం పంపుతారట. మనింట్లో ఫోన్ ఎక్కడిది. గుంటూరు మిర్చి యార్డులో దేవదానం మామయ్య గుమాస్తాగా ఉన్న కమీషన్ కొట్టు నంబరు ఇచ్చాను. పక్కన పి.పి. అని, అంటే ఫలానా మనిషిని పిలవమని, మామయ్య పేరు. నాన్న పోయినప్పట్నుంచీ మా ఇంటికి పి.పి. ఆయనే, అన్నిటికీ.

"ఎత్తడం నా పని, లారీవాడితో నీకు కబురంపడం నా పని. నువ్వు నిమ్మళంగా ఉండమ్మాయ్" అన్నాడు. నిమ్మళంగా ఉన్నాను. గోళ్ళు మాత్రం లేవు.

ఫిబ్రవరి 25, ఆదివారం

పరువు పోయింది. గుళ్ళో పాస్టరు గారు ప్రార్థన మనవులు చదువుతూ చదువుతూ — "సహోదరి విమల పై చదువు కొరకు, బెంగుళూరు వారి మనస్సు మార్చబడునట్లు..." నేను చీటీ రాయలేదు. పక్కకి చూస్తే అమ్మ గట్టిగా కళ్ళు మూసుకుని ఉంది.

మార్చబడటం ఏంటి, అంటే ఇప్పుడు వాళ్ళ మనసు చెడ్డగా ఉన్నట్టేగా అని ఇంటికొచ్చి దెబ్బలాడాను. "ఎటున్నా మనవైపు మారుతుందిలేవే" అంది.

ఫిబ్రవరి 26

బావి దగ్గర మరియమ్మ పిన్ని: "ఏమే, బెంగుళూరోళ్ళ మనసు మారిందా?"

ఫిబ్రవరి 27

బస్సు కండక్టరు కూడా.

మార్చి 3

చేతులు ఊరుకోవడం లేదు. అయితే గోళ్ళు కొరకాలి, లేకపోతే ఏదో ఒకటి చూడాలి. చూద్దామనుకున్నాను.

కోళ్ళకి ఎండుమిరపకాయలు వేశాను. నాటు పెట్ట ముందు తల వంచి ఒక కంటితో చూసింది, తర్వాత రెండో కంటితో. గబుక్కున మింగింది. ఇంకోటి. పుంజు వచ్చి దాని నోట్లోది లాక్కుంది. ఒక్కటీ దగ్గలేదు, నీళ్ళ దగ్గరికి పోలేదు. అన్నంలో నలిపి కుక్కపిల్లకి పెడితే వాసన చూసి నన్ను అనుమానంగా చూసింది, వెళ్ళి గడప పక్కన పడుకుంది.

అమ్మ: "ప్రభువు శ్రమదినాల్లో మూగజీవాల్ని ఏడిపిస్తావేంటే?" కోళ్ళు ఏడవలేదమ్మా, అదే కదా సంగతి!

మార్చి 5

ఏం కబురు లేదు.

మార్చి 9

మెట్టచేల దాకా వెళ్ళాను. ఆఖరి కోతలు. కళ్ళాల మీద కాయలు ఎర్రగా పరిచి, ఆడవాళ్ళు రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు, ముక్కులకి గుడ్డలు కట్టుకుని. నేను చేలో ఇంకా మిగిలిన మొక్కల దగ్గర గట్టు మీద కూర్చుని చిలకల్ని చూశాను. నన్ను చూసి వాళ్ళు నవ్వుకుంటున్నారు. ఎం.ఎస్సీ. చదివి చిలకల్ని కాస్తోంది అని ఎవరో అన్నారు, వినపడేటట్టే.

కానీ చూశాక...

చిలక కాయని కాలితో పట్టుకుంటుంది. చీరుతుంది. తొక్క పారేస్తుంది. గింజని ముక్కులో పెట్టి కొరుకుతుంది — పటుక్ పటుక్. పిండి చేసి మింగుతుంది. కింద రాలినవి ఏరి చూశాను, సగాలు, పొట్టు. ఇది గింజని ఎక్కడికి తీసుకెళ్తుంది? ఎక్కడికీ తీసుకెళ్ళదు. తినేస్తుంది, అంతే.

నేను చెప్పిందంతా తప్పు. అయిదుగురి ముందు, అంత ధైర్యంగా. చిన్నప్పట్నుంచీ చూస్తున్నానే — చూడనేలేదన్నమాట.

మార్చి 10

చిలక దొంగ. మేడం ముందు దాన్ని దొరని చేశాను. అందుకే నవ్వింది. తేలిపోయింది.

మార్చి 11

తేలలేదు. తప్పని తెలిస్తే నవ్వి ఊరుకోదు కదా, తప్పు అనేది కదా.

మార్చి 14

మరి గింజని తీసుకెళ్ళేది ఎవరు?

గుడి వెనక కరెంటు తీగ కింద, ఎవరూ వెయ్యని చోట మూడు మిరపమొక్కలు. వంకరటింకరగా. ఒక్కోటీ బొటనవేలంత కాయలు. పైన తీగ మీద ఎవరు కూర్చుంటారా అని గోడ పక్కన నిలబడ్డాను. పిగిలిపిట్టలు. తల మీద నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. ఒకటి రెట్ట వేసింది. వెళ్ళి పుల్లతో కదిపి చూస్తే — గింజలు! పసుప్పచ్చగా, నిండుగా, చెక్కుచెదరకుండా.

ఎంత సంతోషం వేసిందంటే ఎవరికైనా చెప్పాలి. పక్కన పాస్టరు గారి భార్య ఉతికిన బట్టలు ఆరేస్తోంది. "అక్కా, చూడండి" అన్నాను. వంగి చూసింది. "పిట్ట రెట్టేగా విమలా" అంది జాలిగా. తర్వాత అమ్మకి చెప్పి ఉంటుంది — రాత్రి అమ్మ నా నుదురు పట్టుకుని చూసింది.

మార్చి 16

గింజలు కడిగి కొబ్బరిచిప్పలో వేశాను. రెండో చిప్పలో మామూలు కాయ గింజలు. పిట్ట కడుపులోంచి వచ్చినవి ముందు మొలుస్తాయా? సీటు రాకపోయినా ఇది ఆగదు కదా. ఈ ముక్క రాసి కాసేపు ఆగాను. నిజమేనా? చిప్పలు సరే. నాకు మైక్రోస్కోపు కావాలి, లైబ్రరీ కావాలి, "పిట్ట రెట్టేగా" అనని మనుషులు కావాలి. ఆ సీటు నాకు కావాలి.

మార్చి 22

కరస్పాండెంటు గారు పిలిచారు. "వచ్చే ఏడు ఉంటున్నారా మేడం? ఏప్రిల్ ఇరవై లోపు ఖాయం చెయ్యండి. ఇంకో అమ్మాయి అడుగుతోంది." ఆలోచించి చెప్తానండి అన్నాను. "ఆలోచించేవాళ్ళు ఎక్కువైపోయారు ఈ కాలేజీలో" అని నవ్వారు. ఈ నవ్వు మాత్రం నాకు స్పష్టంగా అర్థమైంది.

మార్చి 29

రెండు చిప్పల్లోనూ మొలిచాయి. ఒక్కరోజే. తేడా ఏమీ లేదు. ఇంత ఎదురుచూస్తే ఇదా! కానీ తేడా లేకపోవడం కూడా ఒక సంగతే... పిట్ట గింజకి మేలూ చెయ్యలేదు, కీడూ చెయ్యలేదు. మోసింది, అంతే. మోస్తే చాలా?

ఏప్రిల్ 4

స్పాట్ వాల్యుయేషన్‌కి గుంటూరు. పేపర్లు దిద్దడం మధ్యాహ్నానికి అయిపోయింది, యార్డుకి వెళ్ళాను. గేటు దాటగానే తుమ్ములు. మామయ్య కొట్టు ముందు మిరప బస్తాలు, టిక్కీలంటారు, వరసగా, మూతులు విప్పి. ఫోను బల్ల మీద, కళ్ళద్దాల పెట్టె పక్కన. దాన్ని చూస్తే చెయ్యి పెట్టి తడమాలనిపించింది.

"రాలేదమ్మాయ్. వస్తే నీకంటే ముందు నేనే ఎగరనూ?"

ఒక ఉత్తరాది కొనుగోలుదారు వచ్చాడు. కాయ తీశాడు, చెవి దగ్గర పెట్టి విరిచాడు, తొడిమ చూశాడు. ధర చెప్పాడు. మంచి ధరే — పక్కన నిలబడ్డ రైతు మొహం వెలిగింది. మామయ్య మాత్రం టీ గ్లాసు వైపు తిరిగాడు. యార్డు హిందీలో, "ఇంకో ఇద్దరు చూసి వెళ్ళారు సేట్" అన్నాడు. పొద్దున్నించీ ఎవరూ రాలేదట, రైతే నాతో అన్నాడు. సేట్ వెళ్ళిపోయాడు. రైతు బిక్కచచ్చిపోయాడు. నేనూ. టీ అయిపోయేలోపు సేట్ తిరిగొచ్చాడు, ఇంకొంచెం పెంచి.

"ఎవరు మామయ్యా ఆ ఇద్దరూ?"

"ఉంటారు."

"ఎక్కడ?"

"ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు గదే. మంచి సరుక్కి కొనేవాడు లేకపోతాడా?"

మొదటి ధరకే తలూపితే అవతలివాడికి సరుకు మీద అనుమానం వస్తుందట. ఇందులో ఏదో లోపం ఉంది, అందుకే వదిలించుకుంటున్నారు అనుకుంటాడట. ఆ సేట్‌కీ తెలుసు ఇద్దరు లేరని. లేరని తెలిసీ తిరిగొచ్చాడు. ఇద్దరికీ తెలిసిన అబద్ధం అబద్ధమేనా? ఇంటికొచ్చేదాకా బస్సులో అదే ఆలోచన. కాసేపు బెంగుళూరు మర్చిపోయాను.

ఏప్రిల్ 8, మట్టల ఆదివారం

కబురు లేదు. పాస్టరు గారు నా పేరు చదివి, చదివాక నావైపు చూస్తున్నారు ఇప్పుడు.

ఏప్రిల్ 13, గుడ్ ఫ్రైడే

మూడు గంటల ఆరాధన. సిలువ మీద పలికిన ఏడు మాటలు. నాలుగో మాట దగ్గర నా బుర్ర మళ్ళీ ఫోన్ దగ్గరికి పోయింది. ఆయన సిలువ మీద ఉన్నాడు, నేను కమీషన్ కొట్లో ఉన్నాను. సిగ్గేసింది.

ఏప్రిల్ 15, ఈస్టర్

వరసగా రాస్తాను.

తెల్లారుజామున సమాధుల దగ్గర ఆరాధన. నాన్న సమాధికి సున్నం వేసి, పూలు పెట్టాం. మామయ్య కొత్త చొక్కాతో వచ్చాడు. మధ్యాహ్నం అమ్మ కోడిపలావు వండింది. అందరం కూర్చున్నాం. మామయ్య రెండు ముద్దలు తిని, మొహం చాటంత చేసుకుని —

"పండక్కి చెబుదామని నీకో మాట దాచానమ్మాయ్. మంగళవారం బెంగుళూరు నుంచి ఫోనొచ్చింది."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"సీటు ఇస్తున్నారంట. గురువారం లోపల చెప్పమన్నారు."

"గురువారమా? ఏ గురువారం మామయ్యా?"

"మొన్న గురువారం. కంగారు పడమాక. నేను మాట్లాడాగా."

"ఏం మాట్లాడావ్?"

అప్పుడు చెప్పాడు. ఎంత సంతోషంగా చెప్పాడో. హిందీలో మాట్లాడాడట. పిల్లని ఇంకో రెండు చోట్ల అడుగుతున్నారు, చూసి చెప్తాం అన్నాడట. స్టైపెండు ఇంకొంచెం చూడండి అన్నాడట! అది గవర్నమెంటు ఫెలోషిప్ మామయ్యా, వాళ్ళ చేతుల్లో ఏముంటుంది పెంచడానికి? గురువారం మళ్ళీ చేస్తారని రోజంతా ఫోను దగ్గర్నుంచి కదల్లేదట. చెయ్యలేదు. "చేస్తారు చూడు. సోమవారం చేస్తారు. తిరిగొస్తారు."

అమ్మ లేచింది. "ఒరేయ్ దేవదానం, అదేమన్నా మిరపకాయల టిక్కీ అనుకున్నావేంట్రా!"

నేను ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు. నా బతుకు నాశనం చేశావు అన్నాను, అది గుర్తుంది. ఎంగిలి చేత్తోనే బయటికి వచ్చేశాను. దొడ్లో కోళ్ళ దగ్గర నిలబడి ఏడ్చాను. లోపల మామయ్య గొంతు, చిన్నగా — "మంచి మాటేగా అక్కా నేను చెప్పింది?"

ఏప్రిల్ 16

ఎస్టీడీ బూత్. మీటరు మీద ఎర్రంకెలు పరిగెడుతున్నాయి. బెంగుళూరు ఆఫీసులో ఒకావిడ, ఫైల్ తెప్పించుకుని చదివింది — అభ్యర్థి వేరే అవకాశాలు పరిశీలిస్తోంది, గడువులోగా అంగీకారం రాలేదు.

"వేరే అవకాశాలు లేవండి" అన్నాను. నా ఇంగ్లీషు అసలే అంతంతమాత్రం, ఏడుపు గొంతుతో ఇంకా ముద్దగా.

"మీ మామయ్య గారే చెప్పారు."

"మా మామయ్య మిరపకాయలు అమ్ముతారండి."

"అయితే?" అంది.

అయితే... యార్డు మొత్తం ఆ తీగ మీదుగా ఎలా పంపను?

వెయిటింగ్ లిస్టులో తర్వాతి అమ్మాయికి ఇచ్చేశారు. ఆమె ఇరవై నాలుగో తారీకు లోపు చెప్పాలి. ఆమె వద్దంటేనే నాకు. "జరిగింది రాసి ఫ్యాక్స్ చెయ్యండి. మేడం చూస్తారు. మాట మాత్రం ఇవ్వలేం."

ఏప్రిల్ 17

గుంటూరు వెళ్ళి ఫ్యాక్స్ పంపాను. యార్డు వైపు వెళ్ళలేదు. మొదటిసారి పేజీన్నర రాశాను — మా దగ్గర బేరమాడటం అంటే సరుకుని గౌరవించడం అని, ఏవేవో. చదివితే నాకే పిచ్చి రాతలా ఉంది. చింపేశాను. ఆఖరికి రెండు ముక్కలు. నాకు వేరే ఎక్కడా సీటు లేదు. నాకు రావాలని ఉంది.

కింద ఇంకో వాక్యం కలిపాను, ఎందుకో ఆగలేక: చిలక గురించి నేను చెప్పింది తప్పు, అది గింజ కొరికేస్తుంది, మోసేది పిగిలిపిట్ట. ఆ పిట్టకి ఇంగ్లీషు పేరు పుస్తకంలో వెతికి రాశాను. ఫ్యాక్స్ కొట్టు కుర్రాడు చదివి నన్ను ఎగాదిగా చూశాడు.

ఏప్రిల్ 19

మామయ్య వచ్చాడు. వరండాలో అరుగు మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. అమ్మ టీ ఇస్తే పక్కన పెట్టాడు. మనిషి సగమయ్యాడు.

"నేను మాట్లాడనా వాళ్ళతో? తప్పు నాదని చెప్తా."

"వద్దు మామయ్యా."

"ఒక్కటే అడుగుతా అమ్మాయ్. అంత పెద్ద చదువుకి... ఒక్క మాటేనా? బేరమే ఉండదా?"

"ఉండదు."

"మరి నువ్వు మంచిదానివని వాళ్ళకెట్టా తెలుస్తది?"

కోపంగా ఏదో అనబోయాను. ఎలా తెలుస్తుంది? ఇరవై నిమిషాలు చూశారు. చెవి దగ్గర పెట్టి విరిచి చూసే వీలు కూడా లేదు. నిజంగానే ఎలా తెలుస్తుంది?

లేచి వెళ్తూ, చెప్పులు వేసుకుంటూ, నావైపు చూడకుండా అన్నాడు — "నాసిరకం సరుక్కి నేనెప్పుడూ బేరం ఆడనమ్మా. అడిగిన కాడికి ఇచ్చేస్తా."

కోపం పోలేదు. పోలేదు కానీ, ఆయన వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

ఏప్రిల్ 20

కరస్పాండెంటు గారికి ఇవాళ చెప్పాలి. నాలుగు రోజులు ఆగమన్నాను. "ఆగేది లేదమ్మా" అన్నారు. ఆ ఇంకో అమ్మాయిని తీసుకున్నారు.

అమ్మకి చెప్పలేదు. రేపు చెప్తాను.

ఏప్రిల్ 21

చెప్పాను. "సరేలే" అంది. తర్వాత చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది, రాళ్ళు లేని బియ్యంలో.

ఏప్రిల్ 22, ఆదివారం

ఇవాళ చీటీ రాయలేదు అమ్మ. పాస్టరు గారు చీటీలన్నీ చదివి, ఇంకేమన్నా ఉన్నాయా అన్నట్టు మావైపు చూశారు. ఏమని రాస్తాం? ఆ అమ్మాయి వద్దనునట్లు అనా?

ఎవరో ఆమె. పేరు కూడా తెలీదు. ఆమె కోసం ఏ ఊళ్ళో ఎవరు చీటీ రాశారో. ఏం చదువుతోందో, ఏ పురుగు వెంట పడుతోందో. దేవుడి దగ్గర రెండు చీటీలూ పక్కపక్కనే పడి ఉంటాయి కదా... ఏది ముందు తీస్తాడు?

ఏప్రిల్ 23, సోమవారం

పొద్దున్నే మామయ్య కబురంపాడు: ఇవాళ రేపు వచ్చి ఫోను దగ్గర కూర్చో, నేను ముట్టుకోను. వెళ్ళాను. తన కుర్చీ నాకిచ్చి ఆయన టిక్కీ మీద కూర్చున్నాడు. ఫోను మోగినప్పుడల్లా ఇద్దరం ఉలిక్కిపడటమే. పల్నాడు రైతు — ఇవాళ రేటెంత? తీశాను, పెట్టాను. ఇంకో రైతు. లారీ ఆఫీసు. మధ్యాహ్నానికి నాకు రేట్లన్నీ నోటికొచ్చాయి. మామయ్య చేతుల్లో ఒక కాయ పెట్టుకుని తిప్పుతున్నాడు.

మూడు దాటాక మోగింది. ఆడగొంతు. ఇంగ్లీషు.

"విమల గారేనా? నా పేరు సస్మిత. ఒరిస్సా. మీ తర్వాత లిస్టులో ఉన్నది నేనే."

బెంగుళూరు నుంచే చేస్తోంది. ఆఫీసులో అడిగి నంబరు తీసుకుందట. రేపు పదింటికి వెళ్ళి చెప్పాలట. "మీకు ఇంకో రెండు చోట్ల వచ్చిందన్నారు, మీరు వదులుకున్నారన్నారు. ఇవాళ ఆఫీసులో ఏదో ఫ్యాక్స్ గురించి మాట్లాడుకుంటుంటే విన్నాను. అందుకే అడుగుదామని."

"ఆ రెండు చోట్లూ లేవండి."

"లేవా?"

"లేవు. మా దగ్గర... అలా అంటారు. అలా అనడం అలవాటు."

నవ్వింది, చిన్నగా. వెంటనే ఆపేసింది. యార్డులో ఎవరో కాటా దగ్గర గట్టిగా అరుస్తున్నారు.

"నేను స్కూల్లో రిజైన్ చేసేశాను" అంది.

నా ఉద్యోగం కూడా పోయిందని చెప్పలేదు. చెప్తే అడుక్కున్నట్టుంటుంది అనిపించింది. వదిలెయ్యమని అడగాలి. అడిగే హక్కు ఉందా? నోటి దాకా వచ్చింది. కానీ నోరు తెరిస్తే వచ్చింది వేరే — "మీరు దేని మీద పని చేస్తారు?" అని. పట్టుపురుగట. మనం చూసే మల్బరీది కాదు, అడవిలో మద్దిచెట్ల మీద పెరిగేది. దాని గూటికి కాడ ఉంటుందట, పండుకి తొడిమ ఉన్నట్టు. ఆ కాడని పురుగు కొమ్మ చుట్టూ ఉంగరంలా అల్లుతుందట, కొమ్మ ఎంత లావుందో దానికెలా తెలుస్తుంది అన్నది ఆమె ప్రశ్న. ఎలా తెలుస్తుంది అన్నాను నేనూ. గబగబా చెప్తోంది, నేను గబగబా అడుగుతున్నాను. మామయ్య నా మొహం చూసి సీటొచ్చేసిందనుకున్నాడు, లేచి నిలబడ్డాడు.

ఉన్నట్టుండి ఆమె గొంతు మారింది. "ఒకటి అడుగుతాను. నా చోట నువ్వుంటే ఏం చేస్తావ్?"

ఇక్కడ... ఇక్కడ ఎన్ని మాటలైనా చెప్పచ్చు. యార్డు మధ్యలో కూర్చున్నాను, చుట్టూ అందరూ చెప్తున్నది అలాంటి మాటలే. న్యాయంగా ముందు నాదే అనచ్చు. గడువు ఈ ఏడే ఆఖరు అనచ్చు. రెండూ నిజాలే.

"వదలను" అన్నాను.

"థాంక్స్" అంది. పెట్టేసింది.

మామయ్య దగ్గరికొచ్చాడు. "ఎవరమ్మాయ్? ఏమంటారు?"

"ఇంకా తెగలేదు మామయ్యా."

తలూపాడు. టీ చెప్పాడు. ఎందుకన్నాను ఆ మాట? అబద్ధం చెప్పకపోయినా ఊరుకోవచ్చుగా. నాకు ఆ సీటు కావాలి, ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా కావాలి. ఆ పురుగుకి కొమ్మ లావు ఎలా తెలుస్తుందో కూడా కావాలి. ఆమె రేపు పదింటికి చెప్తుంది.

థాంక్స్ దేనికి?